క్వారీ ట్యాంకులో పైగొంతు

సోర్‌వుడ్ కొండ మీది నీళ్ళ ట్యాంకుకు మొదటినుంచీ మంచి పేరు లేదు.

పాలరాయి క్వారీ నడిచిన రోజుల్లో కంపెనీ వాళ్ళు కట్టించిన గుండ్రటి కాంక్రీటు ట్యాంకు అది. సగం నేలలో, సగం పైన. ఒక పక్కన మనిషి వంగి దూరేంత ఇనప తలుపు. కట్టిన ఏడాదే అడుగు కడగడానికి దిగిన కూలీ ఒకడు మళ్ళీ పైకి రాలేదు. తర్వాత క్వారీ మూతపడింది, నీళ్ళు ఎండిపోయాయి, కంపెనీ వాళ్ళు టెనెసీ వదిలి ఎటో పోయారు. చెడ్డపేరు మాత్రం ట్యాంకుని కరుచుకుని అక్కడే ఉండిపోయింది.

పగలు పరవాలేదు. కొండ కింద రంపపు మిల్లు గోలలో దెయ్యం అరిచినా వినపడదు. మిల్లు ఆగి చీకటి పడ్డాక మాత్రం ఆ దారిన వెళ్ళేవాడు ఊళ్ళో ఒక్కడుంటే గొప్ప. ఆ వసంతంలో లోయెల్ ప్రూయిట్‌ని తెచ్చి కొండ వాలులోని చర్చి శ్మశానంలో పూడ్చిపెట్టాక ఆ ఒక్కడూ కూడా మిగల్లేదు.

ఎందుకంటే... ట్యాంకు పాడుతోంది.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఖాళీ ట్యాంకు. నీటి చుక్క లేదు, మనిషి అలికిడి లేదు. కానీ కొన్ని రాత్రుళ్ళు, దాని కడుపులోంచి ఒక మగగొంతు — నింపాదిగా, నిండుగా — పాట ఎత్తుకునేది. ఆ గొంతు ఎవరిదో ఊళ్ళో పసిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఇరవై సినిమాల్లో గుర్రమెక్కిన గొంతు. ప్రతి హోటల్లోనూ పాటల పెట్టెలో నాణెం వేస్తే పాడే గొంతు. లోయెల్ ప్రూయిట్ గొంతు.

ఊరంతా భయపడింది. భయపడని మనిషి ఒక్కడే — సెలూన్ నడిపే ఎమ్మెట్ క్రెన్‌షా. అతనికి భయం కాదు, ఒళ్ళు మండింది. చచ్చాక కూడా వీడు నోరు మూయడా అని.

ఎమ్మెట్ మంటకి కారణం ఉంది. యాభై దాటిన ఈ మనిషి, ఆ చచ్చిపోయిన సినిమా హీరో, ఒకప్పుడు జోడీ. ఒకే చర్చి బల్ల మీద కూర్చుని పాట నేర్చుకున్నారు. నాక్స్‌విల్‌లో ఒక పిండి కంపెనీ వాళ్ళు నడిపే రేడియో కార్యక్రమంలో, ఇళ్ళల్లో ఆడవాళ్ళు బిస్కెట్లు కాల్చే వేళకి, ఇద్దరూ ఒకే మైకు ముందు ముక్కూ ముక్కూ తగిలేలా నిలబడి పాడేవారు. లోయెల్ అసలు పాట పాడేవాడు. ఎమ్మెట్ దానికి పైగొంతు కలిపేవాడు. లోయెల్ గోడలు కడితే ఎమ్మెట్ కప్పు వేసేవాడన్నమాట. కప్పు లేని ఇంట్లో ఎవరుంటారు చెప్పండి? అయినా కాలిఫోర్నియా నుంచి వచ్చిన సినిమావాడు గోడల్నే మెచ్చుకున్నాడు.

ఇద్దర్నీ గుర్రం మీద కూర్చోబెట్టి చూశారట. లోయెల్ కూర్చుంటే గుర్రానికే అందం వచ్చింది. ఎమ్మెట్ కూర్చుంటే గుర్రం మెడ తిప్పి వెనక్కి చూసింది. అంతే, లోయెల్ రైలెక్కాడు, ఎమ్మెట్ వాళ్ళ మామగారి సెలూన్‌లో కత్తెర పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఎమ్మెట్ పాడలేదు. చర్చిలో పాట పుస్తకం తెరిచి పట్టుకుంటాడు, పెదవులు మాత్రం విడవడు.

లోయెల్ సినిమాలన్నిటికీ ఒకటే కథ. చెడ్డవాళ్ళు పశువుల్ని తోలుకుపోతారు, లోయెల్ వెంటపడతాడు, నడుమ ఒక చెట్టు కింద ఆగి తీరిగ్గా పాట పాడతాడు, మళ్ళీ వెంటపడతాడు. ఆ పాట అయ్యేదాకా చెడ్డవాళ్ళు ఎక్కడ కూర్చుని కాఫీ తాగేవారో దేవుడికే తెలియాలి. ఎమ్మెట్ అన్నీ చూశాడు. కత్తులు సాన పట్టించడానికి పట్నం వెళ్తున్నానని పెళ్ళాంతో చెప్పి, హాలులో చివరి వరసలో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ప్రతి సినిమా రెండేసిసార్లు చూశాడు. పక్కన ఉండి పైగొంతు కలిపేవాడు లేక లోయెల్ పాట బోసిగా ఉందని తనకి తాను చెప్పుకునేవాడు. హాలంతా చప్పట్లు కొడుతుంటే కడుపులో ఎవరో పిడికెడు కారం చల్లినట్టుండేది.

తర్వాత రోజులు మారాయి. గుర్రాల సినిమాలు పోయాయి, ఇంటింటికీ టీవీలొచ్చాయి. లోయెల్ పెళ్ళిళ్ళు రెండు పెటాకులయ్యాయి, సీసా చేతికొచ్చింది. చివరికి సంతల్లో, కొత్త కొట్ల ప్రారంభాల్లో, ఆ పాత మెరుపుల కోటే తొడుక్కుని పాడుకుంటూ, జార్జియాలో ఏదో పశువుల సంతలో వేదిక వెనకాలే కూలిపోయాడు. దీనికైనా ఎమ్మెట్ కాస్త చల్లబడాలా? లేదు. శవపేటిక వెంట మూడు రాష్ట్రాల కార్లు వచ్చాయి. సమాధి రాయి మీద గిటారు చెక్కారు. "చచ్చి కూడా రెండు సమాధుల చోటు తీసుకున్నాడు," అని మాత్రం అన్నాడు ఎమ్మెట్.

ఇదంతా ఒక ఎత్తు. అసలు ముల్లు ఇంకొకటుంది — నెల్డా.

నెల్డా ఎమ్మెట్ భార్య. పగలు ఊళ్ళో హోటల్లో పనిచేస్తుంది. పెళ్ళికి ముందు, చర్చి విందులో ఒకసారి, ఆ రోజుల్లో అలవాటు ప్రకారం ఆడపిల్లలు వండి తెచ్చిన భోజనం పెట్టెలు వేలం వేశారు. వేలంలో పాడుకున్న కుర్రాడు ఆ పిల్ల పక్కన కూర్చుని తినాలి. నెల్డా పెట్టెని లోయెల్ పాడుకున్నాడు. చెట్టు కింద ఆమె పక్కన కూర్చుని, వేళ్ళు నాకుతూ, ఆపిల్ పళ్ళ తీపి రొట్టె ఆఖరి ముక్కదాకా తిన్నాడు. అంతసేపూ ఎమ్మెట్ వేదిక మీద ఒంటరిగా పాడుతూ చూశాడు. చివరికి ఆమె పెళ్ళాడింది ఎమ్మెట్‌నే అనుకోండి. కానీ ఆ చెట్టు కింది దృశ్యం ఇప్పటికీ, ఎవరికైనా గడ్డం గీస్తూ ఏదో ఆలోచనలో పడితే, అతని కళ్ళ ముందుకి వచ్చేది. ఆ పూట గడ్డం తెగేది.

ఒక సాయంత్రం హోబర్ట్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కెంటకీ నుంచి ఈ మధ్యే వచ్చి మిల్లులో రాత్రి కాపలా కాస్తున్న మనిషి.

"ఎమ్మెట్, ఇక ఆ కాపలా నావల్ల కాదు."

"ఏం, దొంగలా?"

"దొంగలైతే తుపాకీ ఉంది. పాటకి తుపాకీ ఏం చేస్తుందయ్యా?"

ఎమ్మెట్ కత్తి తోలు పట్టీ మీద సాన పడుతున్నాడు. "మళ్ళీ పాడాడా మీ హీరో?"

"మొన్న రాత్రి. గాలి ఇటు తిరిగి, మాట కూడా వినపడింది. అదేదో... పడవవాడా, ఆపవయ్యా అంటాడు. ఆ గట్టున నాకోసం దీపం పెట్టారు అంటాడు."

కత్తి ఆగింది.

ఆ పాట లోయెల్ ఏ సినిమాలోనూ పాడలేదు. ఏ రికార్డులోనూ లేదు. వాళ్ళిద్దరూ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం, పాత కారులో కూర్చుని కట్టుకున్న పాట. ఒక్క శీతాకాలం రేడియోలో పాడి వదిలేశారు. ఇప్పుడు దాన్ని పాడగల మనుషులు ఇద్దరే. ఒకడు నోరు కట్టేసుకున్నాడు, ఒకడు మట్టిలో ఉన్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు హోబర్ట్, గొంతు తగ్గించి. "లాంతరు పట్టుకుని నాలుగడుగులు పైకెక్కాను. అక్కడ ఒక ఆడమనిషి కూర్చునుంది."

"ఎవరు?"

"చీకట్లో ఏం తెలుస్తుంది? తెల్ల స్వెట్టరు. చెంప ట్యాంకు గోడకి ఆనించుకుని... మొగుడి గుండె మీద తల పెట్టుకున్నట్టు. భయం లేదు ఆమెకి. భయమంతా నాకే."

ఎమ్మెట్ ఆ రోజు హోబర్ట్‌కి ఒక వైపే గడ్డం గీసి దుకాణం మూశాడు.

ఇంటికొచ్చేసరికి నెల్డా వంటింట్లో బిస్కెట్ల పిండి కలుపుతోంది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. తలుపు వెనక మేకుకి తెల్ల స్వెట్టరు వేలాడుతోంది. ఎడమ భుజం మీద బూడిదరంగు పొడి. చేత్తో దులిపితే రాలింది. కాంక్రీటు గోడకి రాసుకుంటే అంటే పొడి.

అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. నెల్డా ముక్కులోనే కూనిరాగం తీస్తోంది. పడవవాడి పాట.

"ఆ పాటెక్కడిది?"

"ఏ పాట?"

"ఇప్పుడు తీస్తున్నావే, అది."

"నేనేం తీశాను? పిండి కలుపుతున్నాను." కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "రాత్రికి నీ భోజనం మూత పెట్టి ఉంచుతా. ఓపల్ పిన్నికి మళ్ళీ ఒంట్లో బాగాలేదట. దగ్గర పడుకుని తెల్లారి వస్తా."

"ఈ నెలలో ఓపల్ పిన్నికి ఎన్నిసార్లు బాగాలేదు?"

"ముసలావిడ. రోగాలు నన్నడిగి రావు కదా," అంది నెల్డా. ఆమె మొహం వైపు చూశాడు ఎమ్మెట్. పెళ్ళయిన కొత్తలో చూసిన వెలుగు ఉంది ఆ మొహంలో. తనవల్ల వచ్చిన వెలుగు కాదని అతనికి తెలుసు.

బతికున్న మగవాడైతే ఒక దారి. వెళ్ళి చొక్కా పట్టుకోవచ్చు. చచ్చినవాడితో పోటీకి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? వాడికి ముసలితనం రాదు, జుట్టు రాలదు. ఎమ్మెట్ భోజనం ముట్టలేదు. నెల్డా స్వెట్టరు వేసుకుని వెళ్ళాక, కాసేపు చీకట్లో కూర్చుని, లేచి ఆమె వెనకాలే బయల్దేరాడు.

సన్నటి వెన్నెల ఉంది. దారి శ్మశానం మధ్యనుంచే పోతుంది. లోయెల్ సమాధి దగ్గర ఎమ్మెట్ కాళ్ళు వాటంతటవే ఆగాయి. వంగి, చేత్తో తడిమాడు. మట్టి గట్టిగా ఉంది. కొత్త గడ్డి మొలిచింది. ఎక్కడా పగులు లేదు, కదిలిన జాడ లేదు.

"లోపలున్నావా... లేవా?" అన్నాడు గుసగుసగా.

కొండ మీంచి జవాబొచ్చింది.

*ఒక్క క్షణం ఆపవయ్యా పడవవాడా...*

ఎమ్మెట్ రాయి పట్టుకుని నిలబడిపోయాడు. లోయెలే. ఆ గొంతుని వెయ్యిమందిలోనైనా పోల్చుకుంటాడు. అది కూడా సంతల్లో సీసాతో పాడుకున్న ముసలి గొంతు కాదు... ముప్ఫయ్యేళ్ళ కిందటి గొంతు. చన్నీళ్ళతో కడిగినట్టున్న గొంతు. కింద సమాధి కదల్లేదు. పైన మనిషి పాడుతున్నాడు.

అరికాళ్ళ నుంచి చలి పాకింది. అయినా వెనక్కి తిరగలేదు. పైన నెల్డా ఉంది. వాడి దగ్గర ఉంది. ఆ మంటే అతన్ని పైకి తోసింది. ముళ్ళకంపలు పట్టుకుని, రాళ్ళ మీద జారుతూ ఎక్కాడు. ఒక్కో అడుగుకీ పాట దగ్గరవుతోంది... చీకటి గోడలా నల్లగా ట్యాంకు కనపడింది.

అప్పుడొచ్చింది — రెండో గొంతు.

*ఆ గట్టున నాకోసం దీపం పెట్టారు...*

లోయెల్ గొంతు మీద, సన్నగా, ఇంకొకడు.

ఎమ్మెట్ అడుగు ఆగింది. ఇది తన చోటు. ఈ పాటలో, లోయెల్ పక్కన, ఈ చోటు తనది. ముప్ఫయ్యేళ్ళుగా ఖాళీగా ఉంచుకున్న చోటు. తను పాడకపోతే ఇంకెవడూ పాడలేడని, ఆ లోటు లోయెల్‌ని జీవితాంతం వెంటాడాలని, నోరు కట్టుకుని కాపాడుకున్న చోటు. అందులో ఎవడో వచ్చి కూర్చున్నాడు.

చచ్చి కూడా కొత్త జోడీని వెతుక్కున్నాడు వీడు.

పోనీ పాడటం రానివాడైనా బాగుండేది. తప్పు పట్టుకుందామని చెవులు రిక్కించి విన్నాడు ఎమ్మెట్. దొరకలేదు. 'దీపం' దగ్గర ఆ కుర్రాడు అర ఊపిరి వెనకపడి, లోయెల్ మాట ముగించాక, అప్పుడు పైకి ఎక్కుతున్నాడు. ఎక్కిన చోట నిలబడి, కిందికి చూడకుండా నిలబడి, మెల్లగా దిగుతున్నాడు. కుర్ర గొంతు. ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. ఏ దిగులూ తెలియని గొంతు. లోయెల్ గొంతు దాని పక్కన మోటుగా ఉంది. ఎమ్మెట్‌కి ఏడుపొచ్చింది. తను ఎంత బాగా పాడిన రోజునా ఇంత బాగా పాడి ఉండడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి అతనికి ప్రాణం పోయినంత పనయింది.

గోడ పక్కన తెల్లగా ఏదో కదిలింది. నెల్డా. కూర్చుని, చెంప కాంక్రీటుకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. బుగ్గలు తడిగా ఉన్నాయి. పాట ఆగింది. నిశ్శబ్దం. ఆమె వేలి కణుపులతో గోడ మీద మెల్లగా కొట్టింది, తలుపు తట్టినట్టు. టక్... టక్.

కాసేపటికి, ట్యాంకు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

దెయ్యం ఆమె మాట వింటోంది.

"నెల్డా," అన్నాడు ఎమ్మెట్. తన గొంతు తనకే కర్కశంగా వినిపించింది.

ఆమె ఉలిక్కిపడి లేచింది. అతన్ని చూసి అరవలేదు, పారిపోలేదు. పెదవి మీద వేలు పెట్టింది. "ష్... పాట అయిపోనీ."

"ఓపల్ పిన్ని బాగా పాడుతోందే."

"తర్వాత తిట్టు. ఇప్పుడు మాట్లాడకు."

"లోయెల్ సంగతి తర్వాత చూస్తాను. వాడితో నాకున్న లెక్క పాతది. ముందు ఇది చెప్పు." అతని పళ్ళు పటపటలాడాయి. "ఆ పైన పాడేవాడెవడు?"

నెల్డా అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది, వేళాకోళమాడుతున్నాడా అన్నట్టు.

"నీకు తెలీదూ?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేనొస్తున్నది లోయెల్ కోసం అనుకున్నావా?" అంది గుసగుసగా. "లోయెల్ ఎవరిక్కావాలి? నేనొస్తున్నది ఆ పైగొంతు వాడి కోసం. ప్రతిసారీ వాడి కోసమే."

ఎమ్మెట్‌కి ఇంకేం వినపడలేదు. ఇనప తలుపు మీద పడ్డాడు. రెండు చేతులా లాగాడు. కీచుమంటూ తెరుచుకుంది. లోపల్నుంచి చల్లగాలి, దాంతోపాటు పాట, వరదలా వచ్చి అతన్ని కొట్టాయి. చుట్టూ గొంతులే. తల మీద, కాళ్ళ కింద, వీపు వెనక. వంగి లోపల అడుగుపెట్టాడు. అగ్గిపుల్ల గీశాడు.

ఎవరూ లేరు.

గుండ్రటి గోడలు. ఎండిన నేల. మధ్యలో, ఒక చెక్కపెట్టె — దానికి స్పీకరు. ఎదురుగా, అవతలి గోడ దగ్గర, కర్రకి కట్టిన మైకు. రెంటినుంచీ తీగలు వెనక గోడలోని పైపు కన్నంలోంచి బయటికి పోతున్నాయి.

అగ్గిపుల్ల వేలు కాల్చింది. పాట టక్కున ఆగింది.

"తలుపు ఎవరు తీశారండీ?" ట్యాంకు వెనకనుంచి కేక. టార్చిలైటు ఊపుకుంటూ ఒకతను పరిగెత్తుకొచ్చాడు. భుజాలు దాటిన జుట్టు, గడ్డం. ఆ జుట్టు సెలూన్ గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో. "పాటంతా పాడైపోయింది. నెల్డా గారూ, మీకేం కాలేదు కదా? ఈయనెవరు?"

"ఏం కాలేదు గార్లండ్," అంది నెల్డా. "ఈయన చూడ్డానికొచ్చాడు. చెప్పు ఈయనకి."

గార్లండ్ టీగ్ మంచివాడు. కోపం వచ్చినంత తొందరగానూ పోయింది. నాష్‌విల్ నుంచి వచ్చానన్నాడు. వెనక తన వ్యాను ఉందట, అందులో టేపు యంత్రాలున్నాయట. లోయెల్ జ్ఞాపకంగా ఒక రికార్డు తెస్తున్నారట.

"పాత రికార్డింగులు ఎండుకట్టెల్లా ఉంటాయి సార్. గొంతుల చుట్టూ గాలే ఉండదు. అందుకని వాటిని ఆ స్పీకరులోంచి ఈ ట్యాంకులో వినిపిస్తాను. గోడలు తిరిగి పలికింది మైకు పట్టుకుంటుంది. రెండూ కలిపితే మనుషులు ఎదురుగా నిలబడి పాడినట్టుంటుంది. పగలైతే మిల్లు గోలంతా ఇందులోకే వస్తుంది. అందుకే రాత్రిళ్ళు."

ఎమ్మెట్ ఊపిరి వదిలాడు. నవ్వొచ్చింది. యంత్రం. దెయ్యమూ లేదు, లోయెలూ లేడు. ఇంత యంత్రానికి ఊరంతా దీపాలార్పుకుని పడుకుంటోంది.

"నెల్డా గారు పనిచేసే హోటల్లోనే నా భోజనం," అంటున్నాడు గార్లండ్. "ఒక రోజు నా పాటల సంగతి చెబితే, ఒక్కసారి వింటానన్నారు. అప్పటినుంచి నేను పాట వేసిన ప్రతి రాత్రీ వస్తారు. గోడ తడితే మళ్ళీ వేయాలి, అదీ మా ఒప్పందం. నేను కాదనను. ఈ పాట ఇంకెక్కడా దొరకదు సార్. బజారులో అమ్మిన రికార్డు కాదు. పిండి కంపెనీ రేడియో వాళ్ళది."

నవ్వు ఎమ్మెట్ మొహం మీదే ఆగిపోయింది.

"ఆ రోజుల్లో పాటగాళ్ళు ఊళ్ళు తిరగడానికి పోతే పొద్దుటి కార్యక్రమం ఆగకూడదు కదా. అందుకని వెళ్ళే ముందే వాళ్ళచేత పాడించి, పళ్ళేలంత పెద్ద రికార్డుల మీద పట్టి పెట్టుకునేవారు. వాళ్ళు లేని రోజుల్లో ఇవి వేసేవారు. ఊరూరా జనం విన్నారు. పాడినవాళ్ళు మాత్రం ఒక్కసారీ విని ఉండరు పాపం. ఇవి మోగేటప్పుడు వాళ్ళు ఎక్కడో దారిలో ఉండేవారు."

దారిలో. ఎమ్మెట్‌కి గుర్తొచ్చింది. పాత కారు, వాన, వెనక సీట్లో గిటార్లు. బయల్దేరే ముందు రోజు, గోడలకి గోనెపట్టాలు కట్టిన గదిలో, లోయెల్ ముక్కుకి ముక్కు ఆనేలా నిలబడి, వరసగా పాడించుకున్న పాటలు. తర్వాత ఆ రేడియో భవనం కాలిపోయిందని, ఆ రికార్డులు బూడిదయ్యాయని ఎవరో అన్నారు. సరేలే అనుకున్నాడు. తన గొంతు బయటినుంచి ఎలా ఉంటుందో పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్కసారి కూడా వినలేదు.

గార్లండ్ టేపు వెనక్కి తిప్పడానికి వ్యాను వైపు వెళ్ళాడు. ఇద్దరే మిగిలారు.

"చర్చి విందులో నా పెట్టె లోయెల్ పాడుకున్నాడు," అంది నెల్డా. మెల్లగా, కోపం లేకుండా. "నా పక్కన కూర్చుని తిన్నాడు. నువ్వు అదొక్కటే చూశావు. నేను తల ఎటు తిప్పి కూర్చున్నానో, ఎవరి పాట వింటున్నానో చూడలేదు. ఇన్నేళ్ళలో అడగలేదు కూడా."

"నెల్డా..."

"నేను పెళ్ళి చేసుకున్నది ఆ పైగొంతు వాణ్ణి. ఏడాది కాపురం చేశాడు నాతో. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పాడేవాడు, పొయ్యిలో కట్టెలు పెడుతూ పాడేవాడు. లోయెల్ రైలెక్కిన రోజు నువ్వు వాణ్ణి చంపేశావు ఎమ్మెట్. లోయెల్‌కి నొప్పి పుట్టాలని చంపేశావు. లోయెల్‌కి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నొప్పి నాకు పుట్టింది."

ఎమ్మెట్ ఇనప తలుపు అంచు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళకి ఇక్కడ దొరికాడు. ఇంట్లో చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు. లోయెల్ పాట వచ్చిందని ఇంట్లో రేడియో పగలగొట్టినట్టు ఇదీ పగలగొడతావు. అందుకే ఓపల్ పిన్నికి రోగం తెప్పించాను." ఆమె అరచెయ్యి గోడకి ఆనించింది. "వాణ్ణి చూసి కూడా ఓర్చుకోలేవా?"

ఓర్చుకోలేకపోతున్నాడు. నిజం చెప్పాలంటే, లోయెల్ మీద జీవితమంతా పడ్డ అసూయ ఇప్పుడు దీని ముందు ఏ మూలకీ చాలదు. చెట్టు కింద భోజనం తిన్నవాడి పక్కన ఆమె ఈ కుర్రాడి వైపే తల తిప్పి కూర్చుంది. ఈ గోడకి చెంప ఆనించి ఏడ్చింది. ఆ కుర్రాడికి ఏ లోటూ లేదు. ఆమె ఉంది, పాట ఉంది, ఇరవయ్యేళ్ళ ప్రాయం ఉంది.

గార్లండ్ తిరిగొచ్చాడు, చేతిలో పెన్సిలు.

"మీరు ఆ రోజుల మనిషిలా ఉన్నారు, మీరైనా చెప్పండి సార్. రికార్డు అట్ట మీద వేయడానికి ఆ పైగొంతు అతని పేరు కావాలి. రేడియో వాళ్ళు లోయెల్ పేరే రాసుకున్నారు. నెల్డా గారిని అడిగితే, తెలిసినవాడే, ఎప్పుడో పోయాడు అంటారు. పేరు మాత్రం చెప్పరు. లోయెల్‌ని మించి పాడాడు. చచ్చినవాడికి పేరైనా దక్కాలి కదా."

ఎమ్మెట్ నెల్డా వైపు చూశాడు. ఆమె కాదనలేదు, ఔననలేదు. చూస్తూ నిలబడింది.

"ఎమ్మెట్ క్రెన్‌షా," అన్నాడు.

గార్లండ్ టార్చి వెలుగులో అక్షరం అక్షరం రాసుకున్నాడు. "చాలా థాంక్స్ సార్. మరి... తమరు?"

ఎమ్మెట్ పెదవులు కదిలాయి. ఏ పేరూ రాలేదు.

"ఈయన నా భర్త," అంది నెల్డా. "ఊళ్ళో జుట్టు కత్తిరిస్తాడు."